చప్పట్లు కొట్టి పంపించారు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం దేనికంటే, మావాడు ట్యూబు పెట్టుకోవడం మానేస్తాడని. మానేసి హాయిగా నవ్వుతూ తిరుగుతాడని. నొప్పి ఉండదు, ముఖంలో తేడా కనపడదు. లోపల కిడ్నీ మాత్రం చెప్పాపెట్టకుండా పనిలోంచి తప్పుకుంటుంది. వాడికి పనిచేసే కిడ్నీ ఒక్కటే. రెండోది పుట్టినప్పటి నుంచీ పేరుకే ఉంది.

కొడుకు సిగరెట్లు కాలుస్తాడేమో, ఎవరినైనా వెంటేసుకుని లేచిపోతాడేమో అని భయపడే తల్లుల్ని చూస్తే నాకు కుళ్ళు. వాటికి కనీసం వాసనో, ఉత్తరమో ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో, మూత్రపిండాల బొమ్మ దగ్గరికి పాఠం వచ్చేసరికి నన్ను బడి మాన్పించారు. పదిహేడేళ్ళకు వీడు పుట్టాడు. మిగతా పాఠమంతా ఆసుపత్రిలో పూర్తి చేశాను. వీడు కడుపులో ఉండగానే మూత్రం దారికి అడ్డంగా ఒక పలచటి తెర ఏర్పడిందట. నీళ్ళు వెనక్కి తన్ని కిడ్నీలను ముంచేశాయి. పుట్టిన వారంలోనే ఆ తెర కోసేశారు గానీ, అప్పటికే మూత్రసంచి మొద్దుబారిపోయింది. నిండినా కబురు పంపదు, పంపినా పూర్తిగా ఖాళీ కాదు. అందుకని నాలుగు గంటలకోసారి సన్నటి ట్యూబు లోపలికి పెట్టి ఖాళీ చేయాలి. చిన్నప్పుడు నేను చేసేదాన్ని. పదేళ్ళు వచ్చాక వాడే నేర్చుకున్నాడు. నా పని బాత్రూము తలుపు అవతల నిలబడి "అయిందా?" అని అడగడం. ఆ ఉద్యోగంలో నేనొక్క రోజూ సెలవు తీసుకోలేదు.

పిల్లలాసుపత్రి గోడల నిండా జిరాఫీలు. మావాడికి మీసాలొచ్చాయి, గొంతు మారింది, వాళ్ళ నాన్న బూట్లు సరిపోతున్నాయి. అయినా ఏనుగు తొండం మీద అంకెలు కనపడే బరువు మిషనే ఎక్కించేవాళ్ళు. డాక్టరుగారు "బంగారం ఎలా ఉన్నాడు?" అని నన్ను అడిగేవారు. "బాగున్నామండీ, నిన్న కొంచెం తక్కువ నీళ్ళు తాగాం" అని నేను చెప్పేదాన్ని. మా బంగారం పక్కనే చిట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఎవరో పక్కింటివాడి గురించి మాట్లాడుకుంటున్నట్టు ఫోనులో ఆట ఆడుకునేవాడు.

పద్దెనిమిది నిండితే ఆ ఆసుపత్రిలో చూడరు. ఆ రోజుకి వాళ్ళకొక పద్ధతి ఉంది. ఆఖరిసారి వచ్చిన పిల్లవాడి చేతికి పేరు రాసిన ప్లాస్టిక్ పట్టీ కడతారు. కేకు కోశాక, పిల్లలందరూ పెద్దక్క అని పిలిచే పెద్ద నర్సు ఆ పట్టీని కత్తెరతో కత్తిరిస్తుంది. నర్సులు, ఆయాలు, వార్డులో ఉన్న తల్లులు వరండాలో రెండు వరసలుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే, వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ పిల్లవాడు గేటు దాటాలి. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, పొమ్మనలేక కేకు కోయడం అక్కడే చూశాను.

"ఇక నీకు నాతో పని లేదు హీరో! అయిపోయింది!" అన్నారు డాక్టరుగారు, వాడి భుజం మీద చరిచి. పెద్దాసుపత్రిలో చూపించమని రాసిన కాగితం మాత్రం నా చేతిలో పెట్టారు. కేకు వాడికి, కాగితం నాకు. వరసలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా నేనే. అరచేతులు మండిపోయాయి.

గేటు దగ్గర పెద్దక్క నన్ను పక్కకు లాగింది.

"చూడమ్మా, ఇకనుంచి నువ్వు వాణ్ణి అడక్కూడదు. వాడి ఒళ్ళు, వాడి బాధ్యత. తలుపు దగ్గర కాపలా మానెయ్."

"అలాగే అక్కా."

"అలాగే అంటావు, బస్సెక్కగానే అడుగుతావు. ట్యూబుల డబ్బా మూత తీసి చూడటం కూడా బంద్. నోటికి తాళం వేసుకో. లేకపోతే వాడెప్పటికీ పెద్దవాడు కాడు."

"వేసుకుంటానక్కా."

"చూద్దాం," అంది, నా ముఖం చూసి నమ్మకం కుదరక.

నేను చదువుకోనిదాన్ని. చదువుకున్నవాళ్ళు చెబితే చేస్తాను. చేశాను.

పెద్దాసుపత్రిలో మాకు రోజు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నేను నాలుక కొరుక్కున్నట్టు ఇంకెవరైనా కొరుక్కుని ఉంటే నాలుకే మిగిలేది కాదు. వేళ కాగానే కాళ్ళు వాటంతట అవే బాత్రూము వైపు నడిచేవి. వాటిని తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమేదాన్ని.

"అమ్మాయ్, ఆ గిన్నె అరిగి అద్దమైపోయింది," అనేది మా అత్తగారు. "పోయి వాణ్ణి అడుగు. నీకూ శాంతి, గిన్నెకూ శాంతి."

"అడక్కూడదన్నారు అత్తయ్యా."

"ఆసుపత్రివాళ్ళు చెబితే ఊపిరి పీల్చడం కూడా మానేస్తావు. ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నా, ఒక్క మాట చెవిన వేసుకున్న పాపాన పోలేదు."

మావాడు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. లిఫ్టులు బాగుచేయడం నేర్పే చోట సీటొచ్చింది. వేరే ఊరు, హాస్టలు, నేర్పుతూనే కొంత జీతం. లారీ మీద ఎక్కడో ఉన్న వాళ్ళ నాన్న ఫోనులో "ఎలా ఉన్నాడు?" అంటే "బంగారంలా ఉన్నాడు" అనేదాన్ని. అబద్ధం కాదు. బయటికి ఎక్కువసేపు వెళ్తున్నాడు, స్నేహితులతో సినిమా పూర్తిగా చూసి వస్తున్నాడు. మధ్యలో లేచి రావడం లేదు. నేనడక్కపోవడం వల్లే పిల్లవాడికి ఇంత ధైర్యం వచ్చిందని పెద్దక్కను మనసులోనే మెచ్చుకున్నాను. పొద్దెక్కినా లేవడం లేదు, తిండి తగ్గింది, చెప్పులు బిగుతయ్యాయంటే, "ఎదుగుతున్నాడే" అంది అత్తగారు. పద్దెనిమిదేళ్ళకు పాదాలు ఎదుగుతాయా అని నాకు అనుమానం వచ్చింది. తాళం గుర్తొచ్చి ఊరుకున్నాను.

పెద్దాసుపత్రిలో మూత్ర సమస్యల విభాగం ముందు హాలంతా తాతలే. పొడుగాటి బెంచీల మీద చేతికర్రలు, గొంతు సవరింపులు, ప్రతి అయిదు నిమిషాలకూ లేచి ఆ మూల తలుపు వైపు ఒక ఊరేగింపు. గోడ మీద జిరాఫీ లేదు. "ఇక్కడ ఉమ్మరాదు" అని ఉంది. పక్కనున్న కళ్ళజోడు తాత మావాణ్ణి పలకరించాడు.

"ఎవరికి తోడొచ్చావు బాబూ?"

"నేనే పేషెంటునండీ."

"నువ్వా? ఈ వయసులో ప్రోస్టేటా?"

"కాదు తాతగారూ. నాది పుట్టుకతోనే."

"ఓహో! అయితే మా అందరికన్నా సీనియర్వి. జరగండయ్యా, జరగండి, సీనియర్ని ముందు కూర్చోనివ్వండి." బెంచీ మొత్తం నవ్వుతూ జరిగింది. "ఈ అమ్మాయి మీ అక్కా?"

"మా అమ్మ."

తాత కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూశాడు. "మీ ఇంట్లో అన్నీ తొందరే ఉన్నట్టుంది," అన్నాడు.

మా వంతు వచ్చాక నేనూ లేచాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేషెంటు ఒక్కడే."

"వాడి సంగతులన్నీ నాకే తెలుసు బాబూ."

"ఇక్కడికొచ్చే ముసలాళ్ళ పెళ్ళాలంతా అదే అంటారమ్మా. కూర్చో."

కూర్చోలేదు. జనం తోపులాటకు తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి డాక్టరమ్మ కనపడుతోంది. నా వయసే ఉంటుందేమో. చుట్టూ నేర్చుకోవడానికొచ్చిన కుర్ర డాక్టర్లు.

"మీ సమస్య ఏమిటో చెప్పండి," అంది.

"మీరు" అన్నది ఎవరినోనని మావాడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అమ్మ కూడా లేదు.

"అదీ... నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఒక తలుపు తెరుచుకోలేదండీ. నీళ్ళు వెనక్కి పోయాయి. బుడగ అలిగి గట్టిపడిపోయింది. పుట్టాక డాక్టర్లు తలుపు కోసేశారు. బుడగ అలక మాత్రం తీరలేదు."

లోపల ఎవరో నవ్వు మింగి దగ్గారు. ఆ కథ వాడికి అయిదేళ్ళప్పుడు నేను చెప్పింది. ఆ తర్వాత వాడి మీసాలు పెరిగాయి గానీ కథ పెరగలేదు. పెంచడం ఏ డాక్టరుకూ గుర్తురాలేదు, నాకూ రాలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "అర్థమైంది. ట్యూబు రోజుకు ఎన్నిసార్లు పెట్టుకుంటున్నారు?"

"ఇప్పుడు లేదండీ. అయిపోయింది."

"అయిపోయిందని ఎవరన్నారు?"

"పిల్లలాసుపత్రిలో. పట్టీ కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడికి ఊరికే ఆఖరిసారి చూపించుకోవడానికి అనుకున్నాను."

"చప్పట్లు కొడితే...?" అంది డాక్టరమ్మ.

"జబ్బున్నవాడికి చప్పట్లు కొట్టరు కదండీ," అన్నాడు మావాడు, ఎంతో మర్యాదగా. "మూత్రం మామూలుగానే వస్తోందండీ."

తలుపు సందులో నా వేళ్ళు నలిగాయి. అప్పుడు తెలియలేదు, సాయంత్రం చూసుకున్నాను.

స్కాను చేశారు, రక్తం తీశారు, మమ్మల్ని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టారు. రక్తం సంగతి తేలాక డాక్టరమ్మే తలుపు దాకా వచ్చి, "ఈ అబ్బాయి తాలూకు ఎవరు? లోపలికి రండి" అంది. ఇందాక చెయ్యి అడ్డం పెట్టిన మనిషే నన్ను వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు.

"కుండ నిండి అంచు మీంచి కారుతోందమ్మా. మీవాడు దాన్ని కుళాయి అనుకున్నాడు," అంది స్కాను చూపిస్తూ. సంచి బొడ్డు దాకా ఉబ్బి ఉంది. "కిడ్నీ పని బాగా తగ్గింది. ట్యూబు వేసి కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుతాను. పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

మంచం ఖాళీ అయ్యేదాకా వరండాలో ఎదురుచూస్తున్నప్పుడు నా తాళం ఊడింది.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? మానేస్తున్నానని నాతో ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు అడగలేదుగా."

"అడక్కూడదన్నారు కాబట్టి అడగలేదురా!"

"నాకేం తెలుసు?" అన్నాడు. వాడికీ కోపం వచ్చింది. "అమ్మా, నేను తింటూ ఉంటేనే తిన్నావా అని అడుగుతావు నువ్వు. నిద్రలేపి మరీ నిద్రపట్టిందా అంటావు. అలాంటిదానివి ట్యూబు మాటెత్తడమే మానేశావు. డాక్టరుగారు అయిపోయిందంటే నేను నమ్మలేదు. చప్పట్లు కొట్టినప్పుడు సగం నమ్మాను. నువ్వు అడగడం మానేశాక పూర్తిగా నమ్మాను."

వాడు ఉబ్బిన పాదాల వంక చూసుకుంటూ, "నమ్మాలని కూడా అనిపించిందిలే," అన్నాడు మెల్లగా.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మ అడగందే కొడుకు పెట్టుకోడు. పద్దెనిమిదేళ్ళు అడిగి వాణ్ణి ఎదగనివ్వలేదని పెద్దక్క తిట్టింది. అడక్క వాణ్ణి మంచాన పడేశాను. ఏది చేస్తే తల్లితనమో, ఏది చేస్తే తప్పో, చప్పట్లు కొట్టిన వాళ్ళనే ఎవరినైనా అడగాలనిపించింది. వాళ్ళది పిల్లలాసుపత్రి. మా కేసు వాళ్ళు చూడరు.

వార్డులో మావాడి పక్క మంచం కళ్ళజోడు తాతదే అయింది. ఆయనకు ఆపరేషను కుదరదని, రోజూ ట్యూబు పెట్టుకోవడం నేర్చుకోమని చెప్పారట. నేను మధ్యాహ్నం రోగుల్ని చూడనిచ్చే వేళకు వెళ్ళేసరికి తాత ట్యూబును మంచం అవతలికి విసిరేస్తున్నాడు.

"చచ్చినా పెట్టుకోను. ఇదేం ఖర్మ! మనిషన్నవాడు చేసే పనేనా?"

"నేను పుట్టినప్పటి నుంచీ చేయించుకుంటున్నాను తాతగారూ," అన్నాడు మావాడు. ఆసుపత్రిలో వేసి ఉంచిన ట్యూబు వాడికి తీసేసి, ఆ రోజు నుంచే మళ్ళీ సొంతంగా పెట్టుకోమన్నారు. "లేవండి. ముందు చేతులు కడుక్కోండి. వేళ్ళ సందుల్లో కూడా."

"నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?"

"సీనియర్ని. మీరే అన్నారు."

తాత గొణుక్కుంటూ కడుక్కున్నాడు. మావాడు తెర లాగాడు. నేను ఇవతలే నిలబడ్డాను, అలవాటైన చోటే.

"భయపడితే బిగుసుకుంటుంది. ఊపిరి వదలండి. పాము గుహలోకి వెళ్తోంది... మెల్లగా... గుమ్మం దగ్గర ఆగింది... ఇప్పుడు దగ్గండి."

"పామేంట్రా? నేను పసిపిల్లాడిలా కనపడుతున్నానా?"

"ఉన్నది ఆ పాఠం ఒక్కటే తాతగారూ. పెద్దవాళ్ళకి వేరే పాఠం ఎవరూ నేర్పలేదు నాకు. దగ్గండి."

తాత దగ్గాడు. తర్వాత చాలాసేపటికి, "హమ్మయ్య," అన్నాడు. ఆ ఒక్క మాటకు వార్డులో నలుగురు తలలు తిప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇంతేనా?" అన్నాడు తాత.

"ఇంతే."

"ఎన్నాళ్ళు చేసుకోవాలి?"

తెర అవతల మావాడు వెంటనే జవాబు చెప్పలేదు. నేను లోపలికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. వాడికి వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పిన నోరు కదా. చెయ్యి తెర దాకా వెళ్ళింది.

"ఉన్నన్నాళ్ళు," అన్నాడు మావాడు. "మీరూ, నేనూ."

కాసేపయ్యాక నీళ్ళ చప్పుడు. ఈసారి మావాడిది.

నీరు దిగింది, పాదాలు మామూలయ్యాయి. కిడ్నీలో కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. రానిది ఇక రాదని డాక్టరమ్మ వాడికే చెప్పింది, బొమ్మ గీసి, అసలు పేర్లతో. వాడు ఒక్కో పేరూ తిరిగి చెప్పాడు. నేను మూల నిలబడి విన్నాను.

"లిఫ్టు పని నేర్చుకునే చోట వచ్చే నెల చేరాలండీ," అన్నాడు చివర్లో.

"మానేస్తాడండీ," అన్నాను నేను.

"ఏం మానేస్తాడు? ట్యూబా, సీటా?" అంది డాక్టరమ్మ.

"సీటు."

"ట్యూబు మానకపోతే సీటు మానక్కర్లేదు." వాడి వైపు తిరిగింది. "ఏమంటారు?"

"చేరతానండీ."

"మరి నేను వాణ్ణి అడగాలా, అడక్కూడదా?" అన్నాను. అప్పటికి సిగ్గు పోయింది నాకు.

"అది మీరిద్దరూ తేల్చుకోండి. ఆసుపత్రివాళ్ళ సలహా వింటే ఏమైందో చూశారుగా," అంది.

తేల్చుకున్నాం, వాడు బ్యాగు సర్దుకుంటుండగా. ట్యూబుల ప్యాకెట్లు చొక్కాల మడతల్లో దాచుకుంటున్నాడు.

"ఫోనులో ఆ మాట ఎత్తొద్దమ్మా. గదిలో ఇంకో ముగ్గురుంటారు. నీ గుసగుస మైకు కన్నా గట్టిగా వినపడుతుంది."

"అడక్కపోతే నువ్వేం చేస్తావో తెలిసిందిగా."

"ఈసారి నాకూ తెలిసిందిగా."

"మరి నాకెలా తెలుస్తుందిరా?"

"నీకు తెలియక్కర్లేదు. నాకు తెలుసు. చాలదా?"

చాలదు. చాలు అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

వెళ్ళాడు. గేటు దాకా వెళ్ళి చెయ్యి ఊపాను. చప్పట్లు కొట్టలేదు.

రోజూ ఫోను చేస్తున్నాను. తిన్నావా, వాన పడుతోందా, లిఫ్టు గుంతలో దిగేటప్పుడు జాగ్రత్త, చెప్పులు సరిపోతున్నాయా అని అడుగుతున్నాను. చెప్పుల మాట దగ్గర వాడు నవ్వుతాడు. "బాగున్నానమ్మా," అంటాడు. ఆ రెండు నెలలూ కూడా బాగున్నానమ్మా అనే అన్నాడు. నిజమే చెబుతున్నాడని నమ్ముతున్నాను. నమ్మడం వేరు, గిన్నెలు తోమకుండా కూర్చోగలగడం వేరు.

ఒట్టు వేసింది నేను. మీరు వేయలేదు. అందుకని ఇది చదివినవాళ్ళను ఒక సాయం అడుగుతున్నాను. మీరుండే చోటో, మీ ఆఫీసులోనో లిఫ్టు మధ్యలో ఆగిపోయి, బాగుచేసేవాళ్ళ వెంట సన్నగా, కొత్త మీసాలతో, వీపున నల్ల సంచితో ఒక కుర్రాడు వస్తే, ఆ సంచిలో ఏముందని అడక్కండి. టైమెంతైందని కూడా అడక్కండి, వాడికి అనుమానం వస్తుంది. చేతులు కడుక్కునే గది ఎటో ముందే చూపించి, తలుపుకి గడియ సరిగ్గా పడుతుందో లేదో మీరొకసారి లాగి చూడండి. పని మధ్యలో వాడు కాసేపు కనపడకపోతే తొందరపెట్టకండి. తిరిగొచ్చాక వాడి పాదాలు ఉబ్బి ఉన్నాయేమో ఒక్కసారి చూసి, నాకు కబురు చేయండి. అమ్మ చూడమందని మాత్రం వాడితో అనకండి.